స్పెక్‌లో రాయని గళ్ళు: కోడ్ రాయకముందే తప్పులు పట్టుకోవడం ఎలా

"ట్యాంకులో నీళ్ళు తగ్గితే మోటారు ఆన్ కావాలి, నిండితే ఆఫ్ కావాలి." చదివినవాళ్ళంతా తలూపే వాక్యం ఇది. కోడ్ రాసేవాళ్ళూ తలూపే మొదలుపెడతారు. ట్యాంకు సగం ఉన్నప్పుడు కరెంటు పోయి వస్తే ఏం చేయాలన్న సందేహం మాత్రం కోడ్ మధ్యలో, అడగడానికి ఎవరూ లేని వేళ వస్తుంది. అప్పటికి తోచింది రాసేస్తారు. ఆ తోచిందే రేపు ఆ వ్యవస్థ ప్రవర్తన అవుతుంది. దాన్ని ఎవరూ ఆమోదించలేదన్న సంగతి ఏదో ఒకటి కాలిపోయేదాకా బయటికి రాదు.

స్పెసిఫికేషన్‌లో (స్పెక్, అంటే వ్యవస్థ ఏం చేయాలో చెప్పే పత్రంలో) తప్పుగా రాసిన వాక్యాన్ని పట్టుకోవడం అంత కష్టం కాదు, ఎవరో ఒకరు చదివి అభ్యంతరం చెబుతారు. రాయకుండా వదిలేసిన వాక్యాన్ని చదివి పట్టుకోవడం ఎవరివల్లా కాదు. దానికి గళ్ళ కాగితం కావాలి. ఈ వ్యాసంలో ఒక చిన్న పంపు కంట్రోలర్‌ను తీసుకుని, ఐదు వాక్యాల స్పెక్ నుంచి పట్టికలు, స్టేట్ (యంత్రం ప్రస్తుతం ఉన్న దశ) గళ్ళు, చివరికి మోడల్ చెకర్ (వచ్చే అవకాశమున్న స్థితులన్నిటినీ తనే వెతికి చూసే సాఫ్ట్‌వేర్) దాకా వెళ్దాం. మొదటి రెండు మెట్లకు స్ప్రెడ్‌షీట్ చాలు. లిఫ్ట్ తలుపైనా, ఇన్ఫ్యూజన్ పంపైనా, ఆన్‌లైన్ చెల్లింపు అయినా చేసే పని ఇదే.

చేతికొచ్చిన స్పెక్

1. ట్యాంకులో నీళ్ళు కింది సెన్సర్ కంటే తగ్గితే మోటారు ఆన్ కావాలి.
2. పై సెన్సర్‌ను నీళ్ళు తాకితే మోటారు ఆఫ్ కావాలి.
3. సంపులో నీళ్ళు లేకపోతే మోటారు నడవకూడదు.
4. మాన్యువల్ బటన్ నొక్కితే మోటారు ఆన్ కావాలి.
5. ఓవర్‌లోడ్ ట్రిప్ అయితే మోటారు ఆగి, అలారం మోగాలి.

ముందుగా రెండు జాబితాలు రాసుకోండి. కంట్రోలర్ చూడగలిగేవి ఏమిటి: లో సెన్సర్ (Low, అంటే కిందిది), హై సెన్సర్ (High, అంటే పైది), సంపు సెన్సర్, బటన్, ఓవర్‌లోడ్ రిలే కాంటాక్ట్ (మోటారు మితిమీరి కరెంటు లాగితే ట్రిప్ అయ్యే రక్షణ స్విచ్). కంట్రోలర్ కదిలించగలిగేవి ఏమిటి: మోటారు కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపి, తెంచే స్విచ్), అలారం. స్పెక్‌లో కనిపించే ప్రతి నామవాచకం ఈ రెండింటిలో ఒకదానిలో పడాలి. పడకపోతే అది బయటి ప్రపంచానికి చెందినది. "నీళ్ళు తగ్గడం" అలాంటిదే, కంట్రోలర్‌కు నీళ్ళు కనిపించవు, తీగ మీద వోల్టేజీ కనిపిస్తుంది. ఈ తేడాను ఇప్పుడే రాసి పెట్టుకోకపోతే తర్వాత ఎక్కడా గుర్తుకు రాదు.

జాబితా రాస్తున్నప్పుడే ఒక ప్రశ్న అడగండి: ఈ తీగ తెగితే ఏమని చదువుతాం? హై సెన్సర్ తీగ తెగినప్పుడు "పొడి" అని వస్తే ట్యాంకు పొంగిపొర్లుతుంది. అందుకే ఆ స్విచ్‌ను నీళ్ళు లేనప్పుడు మూసుకుని, నీళ్ళు తాకినప్పుడు తెరుచుకునేలా పెట్టాలి. అప్పుడు తెగిన తీగ "తడి" అని చదువుతుంది, మోటారు ఆగిపోతుంది. సంపు సెన్సర్‌కు సరిగ్గా దీనికి వ్యతిరేకం కావాలి. స్పెక్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

అన్ని కలయికలూ రాయండి

మూడు సెన్సర్లు, ఒక్కోదానికి రెండు విలువలు, మొత్తం ఎనిమిది వరుసలు. ప్రతి వరుసలో ఏ వాక్యం ఏం చెబుతోందో రాయండి. వాక్యం ఏం చెప్పాలనుకుందో ఊహించకండి, రాసి ఉన్నదాన్నే పట్టుకోండి.

| వరుస | లో | హై | సంపు | స్పెక్ చెప్పేది |
|---|---|---|---|---|
| 1 | పొడి | పొడి | తడి | ఆన్ (వాక్యం 1) |
| 2 | పొడి | పొడి | పొడి | ఆన్ (1), ఆఫ్ (3) |
| 3 | పొడి | తడి | తడి | ఆన్ (1), ఆఫ్ (2) |
| 4 | పొడి | తడి | పొడి | ఆన్ (1), ఆఫ్ (2, 3) |
| 5 | తడి | పొడి | తడి | ఏమీ లేదు |
| 6 | తడి | పొడి | పొడి | ఆఫ్ (3) |
| 7 | తడి | తడి | తడి | ఆఫ్ (2) |
| 8 | తడి | తడి | పొడి | ఆఫ్ (2, 3) |

మూడు వరుసల్లో వాక్యాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి, ఒక వరుస ఖాళీ. బటన్‌ను కూడా కలిపితే 16 వరుసలవుతాయి. బటన్ నొక్కినప్పుడు 2, 3, 4, 6, 7, 8 వరుసలన్నీ తగాదాలో పడతాయి. మొత్తం లెక్క తీస్తే 16లో తొమ్మిది తగాదాలు, ఒక ఖాళీ, ఆరు మాత్రమే శుభ్రం. ఐదే వాక్యాలున్న స్పెక్ సంగతి ఇది.

పట్టికను రెండు ప్రశ్నలతో పరీక్షించండి. ప్రతి వరుసకూ సమాధానం ఉందా? ఏ వరుసకైనా రెండు సమాధానాలున్నాయా? 1970ల చివర్లో అమెరికా నౌకాదళ పరిశోధనాశాలలో ఏ-7 యుద్ధవిమానం సాఫ్ట్‌వేర్ అవసరాలను పట్టికలుగా తిరగరాశారు. ఆ బాటలో ఎదిగిన పద్ధతి ఈ రెండు ప్రశ్నలనూ యంత్రంతో అడిగించే దాకా వెళ్ళింది. ఎనిమిది వరుసలకు యంత్రం అక్కర్లేదు. ఇన్‌పుట్‌లు ఆరేడు దాటాయంటే చేత్తో చేయకండి, 128 వరుసలు చూస్తూ చూస్తూ కళ్ళు తేలేసి తప్పు వరుసను దాటేస్తాం.

ఇక వరుసలను చూద్దాం. 3, 4 వరుసలు ప్రకృతిలో జరగవు. పైన నీళ్ళుండి కింద లేకపోవడం కుదరదు. "ఇది జరగదు" అని కొట్టేయడమే ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. నీళ్ళ విషయంలో జరగదు గానీ, సెన్సర్ల విషయంలో రోజూ జరిగేదే: లో ఫ్లోట్ ఇరుక్కుపోవచ్చు, పాచి పట్టవచ్చు. కాబట్టి ఈ వరుసకు సమాధానం "సెన్సర్ లోపం, మోటారు ఆపి అలారం మోగించు" అని ఉండాలి. లేకపోతే కోడ్‌లో ఏ "అయితే" ముందు వస్తే అదే గెలుస్తుంది. వాక్యం 1ని ముందు రాసిన కోడ్ ట్యాంకును పొంగిస్తుంది, వాక్యం 2ని ముందు రాసినది ఆపేస్తుంది. ఇద్దరు ప్రోగ్రామర్లూ స్పెక్ ప్రకారమే రాశారు.

5వ వరుస ఖాళీగా ఉండటానికి కారణం వేరు. అక్కడ "ఉన్నది అలాగే కొనసాగాలి" అన్న ఉద్దేశం ఉంది, దాన్ని ఎవరూ రాయలేదు. సమాధానం సెన్సర్ల మీద కాక గతం మీద ఆధారపడి ఉంది. "లో పొడిగా ఉంటే ఆన్, లేకపోతే ఆఫ్" అని ఎవరైనా పూరిస్తే, మోటారు ఆన్ అయి నాలుగు వేళ్ళ మేర నీళ్ళు ఎక్కగానే ఆగిపోతుంది, ఎవరో కుళాయి తిప్పగానే మళ్ళీ ఆన్ అవుతుంది. ఇండక్షన్ మోటారును నేరుగా లైన్ మీద స్టార్ట్ చేస్తే మొదటి క్షణాల్లో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. గంటకు పదుల సార్లు ఇలా జరిగితే వైండింగ్ వేడెక్కుతుంది, కాంటాక్టర్ మొనలు కాలిపోతాయి. గంటకు ఎన్ని స్టార్ట్‌లు తట్టుకుంటుందో మోటారు తయారీదారు ఇస్తారు. ఆ సంఖ్య స్పెక్‌లో ఒక వాక్యంగా ఉండాలి.

ఏ వరుసలోనైనా "గతం మీద ఆధారపడి ఉంది" అని రాయాల్సి వచ్చిందంటే, పట్టిక పని అక్కడితో అయిపోయింది, స్టేట్‌లు కావాలి.

"తే" అనే చిక్కు

స్టేట్‌లలోకి వెళ్ళేముందు క్రియలను ఒకసారి దులపాలి. తెలుగులో "తే" అనే ప్రత్యయం పెద్ద గొడవను హాయిగా దాచేస్తుంది. "తగ్గితే" అంటే తగ్గిన ఆ క్షణంలోనా, తగ్గి ఉన్నంతసేపూనా? మొదటిది ఈవెంట్, రెండోది కండిషన్. మాట్లాడుకునేటప్పుడు తేడా తెలియదు, కోడ్‌లో రెండూ వేర్వేరు యంత్రాలు.

ఐదు వాక్యాల్లోనూ ప్రతి "తే"నీ విడగొట్టి రాయండి. "బటన్ నొక్కితే" అంటే నొక్కి వదిలితే చాలా, నొక్కి పట్టుకోవాలా? నొక్కి వదిలితే చాలనుకుంటే, ఆపడం ఎలా? స్పెక్‌లో ఆఫ్ బటన్ లేనే లేదని ఇప్పుడు గమనిస్తారు. "ట్రిప్ అయితే" అంటే ట్రిప్ అయి ఉన్నంతసేపా? చాలా ఓవర్‌లోడ్ రిలేల్లో చల్లబడ్డాక తమంతట తామే రీసెట్ అయ్యే ఏర్పాటు ఉంటుంది. కండిషన్‌గా రాస్తే, రిలే చల్లబడగానే మోటారు మళ్ళీ తిరుగుతుంది. ఆ సమయంలో పంపు ఎందుకు ఆగిందా అని మూత తీసి చూస్తున్నవాళ్ళ చెయ్యి ఎక్కడుంటుందో ఊహించుకోండి.

ఈవెంట్‌కూ కండిషన్‌కూ మధ్య జారితే ఎంత నష్టమో చెప్పడానికి మార్స్ పోలార్ ల్యాండర్ ఉంది. 1999 డిసెంబరు 3న అంగారకుడి మీద దిగుతూ అది మాయమైంది. విచారణలో తేలిన, ఎక్కువ అవకాశం ఉన్న కారణం ఇది: ఇంకా ఎత్తులో ఉండగానే కాళ్ళు విచ్చుకున్నప్పటి కుదుపుకు, నేలను తాకినట్టు సెన్సర్ క్షణకాలం సంకేతమిచ్చింది. సాఫ్ట్‌వేర్ ఆ సంకేతాన్ని గుర్తుపెట్టుకుంది. సుమారు 40 మీటర్ల ఎత్తులో ఆ సంకేతాన్ని పట్టించుకోవడం మొదలుపెట్టగానే, పాత గుర్తునే చూసి ఇంజిన్లు ఆపేసింది. కాళ్ళు విచ్చుకునేటప్పుడు అలాంటి క్షణిక సంకేతం వస్తుందని ఇంజినీర్లకు తెలుసు, ఆ మాట సాఫ్ట్‌వేర్ అవసరాల పత్రంలోకి చేరలేదు. మీ స్పెక్‌లో ఏ ఈవెంట్‌నైనా గుర్తుపెట్టుకునేటట్లయితే, దాన్ని ఎప్పుడు మరిచిపోవాలో కూడా రాయండి.

"నడవకూడదు" అన్న మాటనూ వదలకండి. మోటారు నడుస్తుండగా సంపు ఎండింది. ఆ క్షణంలో మోటారు నడుస్తూనే ఉంది, సంపు ఎండే ఉంది. అంటే వాక్యం 3ను అక్షరాలా తీసుకుంటే ఏ యంత్రమూ దాన్ని పాటించలేదు. కావాల్సింది "ఎండిన ఎన్ని సెకన్లలోపు ఆగాలి" అన్నది. ఆ సంఖ్య పంపు సీల్ నీళ్ళు లేకుండా ఎంతసేపు ఆగగలదన్న దాని నుంచి రావాలి, ప్రోగ్రామర్ లూప్ ఎంత వేగంగా తిరుగుతుందన్న దాని నుంచి కాదు. సంఖ్య లేని "వెంటనే", "త్వరగా", "కాసేపు" కనిపించిన చోటల్లా ఎర్ర సిరా పెట్టండి.

స్టేట్ గళ్ళు

ఇప్పుడు స్టేట్‌లు రాద్దాం. ఈ కంట్రోలర్‌కు ఐదు సరిపోతాయి: ఊరకే ఉంది, నింపుతోంది, సంపు కోసం ఆగింది, ట్రిప్ లాక్, సెన్సర్ లోపం. పేర్లు యంత్రం ఏం చేస్తోందో చెప్పేలా పెట్టండి. "స్టేట్ 3" అని పెడితే వారం తర్వాత మీకే అర్థం కాదు. ఈవెంట్లు తొమ్మిది: లో ఎండింది, హై తడిసింది, సంపు ఎండింది, సంపు తడిసింది, బటన్, ట్రిప్, రీసెట్, కరెంటు వచ్చింది, గడువు (ట్యాంకు నిండడానికి ఇచ్చిన సమయం) అయిపోయింది.

ఇక్కడ బొమ్మ గీయాలని చెయ్యి లాగుతుంది. ముందు గీయకండి. గుండ్రాలూ బాణాలూ గీస్తే, ఉన్న బాణాలే కనిపిస్తాయి, లేని బాణం కంటికి ఆనదు. గళ్ళ పట్టికలో లేనిదే ముందు కనిపిస్తుంది. అడ్డంగా స్టేట్‌లు, నిలువుగా ఈవెంట్లు: 45 గళ్ళు. ప్రతి గడిలో మూడింటిలో ఒకటి ఉండాలి: ఏ స్టేట్‌కు వెళ్ళాలో, "పట్టించుకోవద్దు" అనో, "ఇది జరగదు, ఎందుకంటే" అని కారణంతో సహానో. ఖాళీ ఉండకూడదు. కారణం రాయలేని "జరగదు"ను ఖాళీగానే లెక్కేయండి.

స్పెక్ ఐదు వాక్యాలనూ ఇందులో వేస్తే సంపు తడిసింది, రీసెట్, కరెంటు వచ్చింది, గడువు అయిపోయింది అనే నాలుగు నిలువు వరుసలు పూర్తిగా ఖాళీ. 20 గళ్ళలో ఒక్క మాట లేదు. మిగతా 25 గళ్ళకు మాట ఉంది గానీ, రాసినవాళ్ళ మనసులో ఉన్నది ఒక్కో నిలువు వరుసలో ఒక్క గడే.

"సంపు కోసం ఆగింది" అనే వరుస ఒక్కటీ దగ్గరగా చూడండి. ఈ స్టేట్‌లో లో ఎండితే ఏం చేయాలి? ఏమీ వద్దు, ఎలాగూ నీళ్ళ కోసమే చూస్తున్నాం. హై తడిస్తే? మోటారు ఆగి ఉండగా ట్యాంకు ఎలా నిండింది? వేరే గొట్టం నుంచి నీళ్ళొస్తున్నాయా అని అడగాల్సిన ప్రశ్న అది, వస్తుంటే ఊరకే ఉంది అన్న స్టేట్‌కు పోవాలి. సంపు తడిస్తే వెంటనే మోటారు మొదలెట్టాలా? మొదలెడితే సంపు అడుగున చేరిన కాసిని నీళ్ళను పంపు అరనిమిషంలో తోడేస్తుంది, మళ్ళీ ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి సంపులో కాస్త ఎత్తున రెండో సెన్సరైనా ఉండాలి, ఇంతసేపు ఆగాలన్న గడువైనా ఉండాలి. అంటే స్పెక్‌కు ఇంకో పరికరమో, ఇంకో సంఖ్యో కావాలి. బటన్ నొక్కితే? నీళ్ళు రాక విసుగొచ్చినవాళ్ళు నొక్కేది సరిగ్గా ఈ స్టేట్‌లోనే. వాక్యం 4 ఆన్ అంటుంది, వాక్యం 3 వద్దంటుంది. మూడోదే గెలవాలని తేలితే, ఎందుకు మొదలవలేదో చూపే దీపం ఒకటి కావాలి, లేకపోతే బటన్ పాడైందని ఎవరో తీగలు పీకి నేరుగా కలిపేస్తారు. ట్రిప్ వస్తే? మోటారే నడవనప్పుడు ఓవర్‌లోడ్ రాకూడదు, వచ్చిందంటే వైరింగ్ లోపం, లాక్‌లోకి వెళ్ళాలి. కరెంటు పోయి వస్తే ఈ స్టేట్‌నే గుర్తుపెట్టుకుని ఉంటుందా, మొదటి నుంచి మొదలవుతుందా? గడువు లెక్క మోటారు ఆగగానే సున్నా అవుతుందా, ఆగిన చోటే నిలబడుతుందా?

ఒక్క వరుసలో కనీసం నాలుగు ప్రశ్నలు తేలాయి. మిగతా నాలుగు వరుసలూ ఇలాగే ఉంటాయి, వాటిని మీకే వదిలేస్తున్నాం.

గళ్ళు నిండాక బొమ్మ గీయండి. "ఏ స్టేట్‌లో ఉన్నా ట్రిప్ వస్తే లాక్" అన్నదాన్ని ఐదు బాణాలుగా గీస్తే బొమ్మ సాలెగూడవుతుంది. స్టేట్‌లను ఒక పెద్ద గీతలో చుట్టి, ఆ చుట్టు నుంచి ఒకే బాణం గీయండి. 1987లో డేవిడ్ హారెల్ ప్రచురించిన స్టేట్‌చార్ట్‌లలోని మంచి ఉపాయం ఇది.

బయటి ప్రపంచానికీ మోడల్ కావాలి

కంట్రోలర్‌ను మాత్రమే మోడల్ చేస్తే అది ఎప్పుడూ బాగానే ఉంటుంది. తప్పులు పుట్టేది అది ట్యాంకుతో, మనుషులతో, కరెంటుతో తగిలినప్పుడు.

1993 సెప్టెంబరు 14న వార్సాలో ఒక ఏ320 విమానం వాన నీళ్ళున్న రన్‌వే మీద, పక్కగాలిలో, ముందు ఒక చక్రాల కాలి మీద దిగింది. "విమానం నేల మీద ఉంది" అనడానికి సాఫ్ట్‌వేర్ అడిగేది రెండు ప్రధాన కాళ్ళ మీదా తగినంత బరువు, లేదా చక్రాలు తగినంత వేగంగా తిరగడం. రెండో కాలు ఆనడానికి సుమారు 9 సెకన్లు పట్టింది, నీటి మీద చక్రాలు సరిగా తిరగలేదు. రెక్కల మీది స్పాయిలర్లు (దిగాక విమానం వేగం తగ్గించడానికి లేచే పలకలు) ఆలస్యంగా లేచాయి, విమానం రన్‌వే చివర దాటి గట్టుకు కొట్టుకుంది, ఇద్దరు చనిపోయారు. సాఫ్ట్‌వేర్ తనకు రాసిచ్చిన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. "నేల మీద ఉంటే బరువు రెండు కాళ్ళ మీదా పడుతుంది" అన్న ఊహే ఆ రోజు నిజం కాలేదు.

మీ ఊహలను జాబితాగా రాయండి, ఒక్కోదాన్ని అంకెలతో తడిమి చూడండి. ఉదాహరణకు "25 నిమిషాల్లో ట్యాంకు నిండకపోతే ఏదో లోపం ఉన్నట్టు" అని ఎవరో గడువు పెట్టారనుకోండి. రెండు సెన్సర్ల మధ్య 800 లీటర్లు, పంపు నిమిషానికి 40 లీటర్లు, కాబట్టి 20 నిమిషాలు, ఐదు నిమిషాలు ఎక్కువే ఇచ్చాం అనుకుంటారు. అదే సమయంలో కుళాయిల్లో నిమిషానికి 10 లీటర్లు పోతుంటే నికరంగా చేరేది 30, పట్టేది సుమారు 27 నిమిషాలు. ఏ లోపమూ లేకుండానే అలారం మోగుతుంది. వాడకం 40 లీటర్లయితే ట్యాంకు ఎప్పటికీ నిండదు. ఇక్కడ గడువు పెంచడం కంటే, పంపు గొట్టంలో ఫ్లో స్విచ్ పెట్టి "నీళ్ళు కదులుతున్నాయా" అని నేరుగా అడగడం మంచి పని.

మోడల్ చెకర్‌కు ఇవ్వడం

ప్రపంచాన్ని వీలైనంత మొద్దుగా చెక్కండి. లీటర్లు వద్దు. ట్యాంకు మట్టం 0 నుంచి 4: మట్టం 1 అయినా దాటినా లో తడి, 3 అయినా దాటినా హై తడి, 4 అంటే పొంగినట్టు. సంపు 0 నుంచి 2. కరెంటు ఉంది లేదా లేదు. కంట్రోలర్ స్టేట్ ఐదింటిలో ఒకటి. లో సెన్సర్‌ను కిందటిసారి ఎలా చదివామన్నది ఒక గుర్తు. మొత్తం 5 × 3 × 2 × 5 × 2, అంటే 300 స్థితులకు మించవు.

ప్రతి అడుగులో వీటిలో ఏదో ఒకటి జరుగుతుంది, ఏది అన్నది టూల్, అంటే మోడల్ చెకర్, ఎంచుకుంటుంది:

– వాడకం: మట్టం 0 కంటే ఎక్కువుంటే 1 తగ్గుతుంది
– తోడకం: మోటారు నడుస్తూ, సంపు 0 కంటే ఎక్కువుంటే సంపు 1 తగ్గి మట్టం 1 పెరుగుతుంది
– ఊట: సంపు 2 కంటే తక్కువుంటే 1 పెరుగుతుంది
– కరెంటు పోతుంది, లేదా వస్తుంది. పోతే మోటారు ఆగుతుంది
– బటన్, ట్రిప్, రీసెట్‌లలో ఒకటి వస్తుంది
– కంట్రోలర్ సెన్సర్లు చదివి, గళ్ళ పట్టిక ప్రకారం కదులుతుంది

ఆ తర్వాత ఏం నిజం కావాలో రాయండి. ఇవి రెండు రకాలు. చెడు ఎప్పుడూ జరగకూడదనేవి: మట్టం ఎన్నడూ 4 కాకూడదు, సంపు ఎండాక కంట్రోలర్ రెండోసారి చదివేలోపు మోటారు ఆగి ఉండాలి, రీసెట్ లేకుండా ట్రిప్ లాక్ నుంచి బయటికి రాకూడదు. మంచి ఎప్పటికైనా జరగాలనేవి: మట్టం 0, సంపులో నీళ్ళు, కరెంటు ఉండి, లాకూ లోపమూ లేకపోతే ఎప్పటికైనా మోటారు నడవాలి. మొదటి రకాన్ని అందరూ రాస్తారు, రెండోదాన్ని మరిచిపోతారు. అసలు ఏమీ చేయని కంట్రోలర్ మొదటి రకం పరీక్షలన్నీ పాసవుతుంది.

మొదటిసారి నడిపినప్పుడు తప్పకుండా ఏదో ఫెయిలవుతుంది. ఈ మోడల్‌లో మొట్టమొదట వచ్చేది: మట్టం 1 నుంచి 4కు వరసగా ఎక్కేసింది, కంట్రోలర్‌కు చదివే వంతే రాలేదు. టూల్ తప్పు కాదు, మీరు చెప్పని ఊహ అది. మట్టం ఒక మెట్టు ఎక్కడానికి నిమిషాలు పడుతుంది, కంట్రోలర్ సెకనుకు చాలాసార్లు చదువుతుంది. కాబట్టి కరెంటు ఉన్నంతసేపూ "రెండు మట్టం మార్పుల మధ్య కంట్రోలర్ ఒక్కసారైనా చదువుతుంది" అని మోడల్‌లో చేర్చి, అదే వాక్యాన్ని స్పెక్‌లో కూడా ఊహగా రాయండి. మోడల్‌లో చేర్చి స్పెక్‌లో రాయకపోతే చేసిన పని సగమే.

తర్వాత వచ్చే కౌంటర్ ఎగ్జాంపుల్ (నియమం ఎలా తప్పుతుందో అడుగడుగునా చూపే దారి) అసలైనది. "తగ్గితే"ను ఈవెంట్‌గా రాసిన మోడల్‌లో టూల్ ఇలాంటి దారి చూపిస్తుంది:

1. మట్టం 1, లో తడి, ఊరకే ఉంది, మోటారు ఆఫ్.
2. కరెంటు పోయింది.
3. వాడకం. మట్టం 0, లో ఎండింది. కంట్రోలర్ నిద్రలో ఉంది, చూడలేదు.
4. కరెంటు వచ్చింది. కంట్రోలర్ లో సెన్సర్‌ను "పొడి" అని చదివి, అదే కిందటి విలువగా పెట్టుకుంది.
5. మళ్ళీ చదివింది: అప్పుడూ పొడి, ఇప్పుడూ పొడి. మార్పు లేదు, ఈవెంట్ లేదు.
6. ఇక్కడి నుంచి 5వ అడుగే మళ్ళీ మళ్ళీ.

ట్యాంకు ఎండి, సంపు నిండుగా ఉండి, కరెంటు ఉండి, మోటారు ఎప్పటికీ నడవదు. చదివినవాళ్ళంతా తలూపిన వాక్యం 1లో ఉన్నదిది.

టూల్ ఏది అంటే, చాలావాటికి ఉచితంగా దొరికేవే చాలు. ఒకరికొకరు సందేశాలు పంపుకునే ప్రాసెస్‌లు ఎక్కువుంటే స్పిన్, దాని భాష ప్రొమేలా. ఇలాంటి చిన్న కంట్రోల్ లాజిక్‌కు నూఎస్ఎమ్‌వి. పంపిణీ వ్యవస్థల డిజైన్‌కు టీఎల్ఏ ప్లస్. డేటా, సంబంధాలు, అనుమతుల చిక్కులకు అల్లాయ్. సెకన్లూ గడువులే అసలు సంగతైతే యుప్పాల్, అయితే వాణిజ్య అవసరాలకు దాని లైసెన్సు షరతులు చూసుకోండి. ఏది నేర్చుకోవాలో అని నెల రోజులు తర్కించడం కంటే ఏదో ఒకటి ఈ పంపు మీద నడిపి చూడటం మేలు.

చిన్న మోడల్‌లో ఏం దొరుకుతుందన్న అనుమానం వస్తే నీడం-ష్రోడర్ ప్రోటోకాల్‌ను (నెట్‌వర్క్‌లో ఇద్దరు ఒకరినొకరు నిర్ధారించుకునే పద్ధతిని) గుర్తుచేసుకోండి. 1978లో ప్రచురించిన దాని పబ్లిక్ కీ రూపంలో లోపం ఉందని గావిన్ లోవ్ 1995లో చూపించారు. మరుసటి ఏడాది ఎఫ్‌డీఆర్ అనే చెకర్‌తో అదే దాడిని పట్టించారు. ఆ మోడల్‌లో ఉన్నది మొదలుపెట్టేవాడు ఒకడు, బదులిచ్చేవాడు ఒకడు, మధ్యలో దొంగ ఒకడు.

పాసైందంటే నమ్మకండి

అన్నీ పాసయ్యాయని టూల్ చెప్పినప్పుడు మొదట అనుమానించాల్సింది మోడల్‌నే. "సంపు ఎండితే మోటారు ఆగాలి" పాసవడానికి ఒక సులువైన కారణం, మోడల్‌లో సంపు ఎన్నడూ ఎండకపోవడం. ఊట అడుగుకు తోడకం కంటే ముందు వంతు వచ్చేలా పొరపాటున రాస్తే అంతే జరుగుతుంది. ప్రతి నియమానికీ ఒక ఎదురు ప్రశ్న వేయండి: "మోటారు నడుస్తూ సంపు 0 అయ్యే స్థితి ఎప్పుడూ రాదు" అని రాసి నడపండి. అది ఫెయిలవ్వాలి. పాసైతే మీ అసలు నియమం ఉత్తుత్తి పాస్.

రెండో పరీక్ష, గళ్ళ పట్టికలో కావాలని ఒక గడి చెడగొట్టడం. "హై తడిసింది" గడిలో "పట్టించుకోవద్దు" అని పెట్టండి. ఏ నియమమూ ఫెయిలవకపోతే ఆ గడిని కాపలా కాసే నియమం మీ దగ్గర లేదన్నమాట. 45 గళ్ళకూ ఇది చేయడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. ఈ మొత్తం పనిలో గంటకు ఎక్కువ తప్పులు దొరికే చోటు ఇదేనని మా అభిప్రాయం.

స్థితులు పేలిపోవడం మరో ఇబ్బంది. అవును-కాదు వేరియబుల్స్ 20 ఉంటే 10,48,576 కలయికలు, ఇంకో పది చేర్చితే వంద కోట్లు దాటుతుంది. టూల్ ఆగిపోయినప్పుడు పెద్ద కంప్యూటర్ కోసం వెతక్కండి, ఈ నియమానికి అక్కర్లేనిదాన్ని తీసేయండి. దీపాలు, డిస్‌ప్లే, లాగ్‌లు ముందు పోవాలి. గడువును సెకన్లుగా లెక్కించే కౌంటర్ బదులు "నడుస్తోంది, అయిపోయింది" అని రెండు విలువలు చాలు. తీసేసేటప్పుడు ఒక్కటి చూసుకోండి: తీసేశాక ప్రపంచం మునుపటికంటే ఎక్కువ స్వేచ్ఛగా ఉండాలి, తక్కువగా కాదు. సెన్సర్ బౌన్స్ (విలువ కుదురుకునేముందు క్షణంపాటు అటూ ఇటూ మారడం) ఉండదని తీసేస్తే, బౌన్స్ వల్ల వచ్చే తప్పులూ దాంతోపాటే పోతాయి.

అన్నట్టు, మోటారుకు ఆఫ్ అని చెబితే ఆగుతుందని కూడా మోడల్ నమ్ముతోంది. కాంటాక్టర్ మొనలు అతుక్కుపోతే ఆగదు. "ఆఫ్ చెప్పినా నడుస్తోంది" అనే అడుగును చేర్చి నడపండి. మట్టం 4కు ఎక్కుతుంది, దాన్ని ఆపగలిగేది ఈ కంట్రోలర్‌లో ఏదీ లేదు. విడిగా ఒక పొంగు గొట్టమో, రెండో కాంటాక్టరో కావాలి.

ప్రశ్నలు వెనక్కి తీసుకెళ్ళడం

ఖాళీ గళ్ళను మీరే నింపేయకండి. మీ పేరుతో కాక, వ్యవస్థ కావాలన్నవాళ్ళ పేరుతో నిండాలవి. కానీ వాళ్ళ ముందు 45 గళ్ళ పట్టిక పరిస్తే చూడకుండానే సరేనంటారు. ప్రతి ఖాళీనీ ఒక సంఘటనగా, రెండు జవాబులుగా అడగండి:

"మోటారు నడుస్తుండగా కరెంటు పోయింది. పది నిమిషాలకు వచ్చింది. ట్యాంకు సగం ఉంది. మోటారు తనంతట తానే మళ్ళీ మొదలవ్వాలా, కింది సెన్సర్ ఎండేదాకా ఆగాలా?"

"ఎలా అయినా పర్వాలేదు" అన్నది కూడా జవాబే, దాన్నీ తేదీతో రాసుకోండి. జవాబు వచ్చాక వాక్యం ఈ తీరుకు మారుతుంది: "కరెంటు వచ్చిన వెంటనే, ఆ తర్వాత ప్రతిసారి చదివినప్పుడూ, లో పొడిగా ఉన్నట్టు 2 సెకన్లపాటు కనిపిస్తే, సంపు తడిగా ఉండి, లాకూ లోపమూ లేకపోతే, మోటారు ఆన్ కావాలి, హై తడిసేదాకా, లేదా 3, 5 వాక్యాలు ఆపేదాకా ఆన్‌లోనే ఉండాలి." పొడుగ్గా, వినడానికి ముతగ్గా ఉంటుంది. ఈ వాక్యం చదివి ఇద్దరు ప్రోగ్రామర్లు ఒకే కోడ్ రాస్తారు.

గళ్ళ పట్టికను స్పెక్‌తో పాటే ఉంచండి, ఏదైనా వాక్యం మారినప్పుడు ముందు పట్టిక మార్చి మోడల్‌ను మళ్ళీ నడపండి. కౌంటర్ ఎగ్జాంపుల్స్‌ను పారేయకండి, ఒక్కోటీ ఒక టెస్ట్. పైన చూపిన ఆరు అడుగుల దారిని అసలు బోర్డు మీద చేయడానికి పావుగంట చాలు: లో సెన్సర్ తడిగా ఉండగా ప్లగ్ తీయండి, సెన్సర్ ఎండేదాకా ట్యాంకు ఖాళీ చేయండి, ప్లగ్ పెట్టండి, గడియారం చూడండి. 2 సెకన్ల వడపోతకు బోర్డు తేరుకునే సమయం కలిపి లెక్కేసుకోండి, ఆలోపు కాంటాక్టర్ టక్కుమనాలి.